అవతార శబ్దము: దిగివచ్చుట, దిగజారుట

వికారాబాదు అను పేరు విన్నంతనే తెలుగువాని చెవికి మొదట తోచునది వికార శబ్దము. రూపము చెడుట, కడుపులో త్రిప్పుట అను అర్థములలో ఆ మాట వాడుకలో నున్నది. పచ్చని కొండలు, చల్లని గాలి గల తావునకు ఇట్టి పేరేల వచ్చెనని అనంతగిరి దర్శనమునకు క్రొత్తగా వచ్చిన యాత్రికుడు విస్మయపడుటయు కలదు. నిజమునకు ఆ పేరు సంస్కృతమునుండి వచ్చినది కాదు. హైదరాబాదు సంస్థానమునకు 1893 నుండి 1901 వరకు ప్రధానమంత్రిగా నుండిన పైగా వంశీయుడు నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీదుగా ఆ ఊరికి వికారాబాదు అను పేరు కలిగినది. అరబ్బీ భాషలో 'వకార్' అనగా గౌరవము, గాంభీర్యము. 'ఆబాద్' అనునది జనావాసమును తెలుపు పారశీక పదము. ఒక భాషలో వైరూప్యమును చెప్పు ధ్వనియే మరియొక భాషలో మర్యాదను చెప్పుచున్నది.

వికారాబాదునుండి వాడి వైపు పోవు రైలుదారిలో తాండూరు వచ్చును. తెలంగాణ కర్ణాటకముల సరిహద్దుకు చేరువనున్న ఆ ఊరి బజారులో ఒకే పూట మూడు భాషలు వినవచ్చును. అచ్చట పండు కందికి 2022 లో భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగు రైతు దానిని కంది అనును. కన్నడము మాటలాడు రైతు తొగరి అనును. ఉర్దూ మాటలాడు వర్తకుడు తూర్ అనును. పేరులు మూడైనను గింజ ఒక్కటే, తూకము ఒక్కటే, వండిన పప్పు రుచియు ఒక్కటే.

వికారాబాదులో ధ్వని ఒకటి, అర్థములు రెండు. తాండూరులో వస్తువు ఒకటి, శబ్దములు మూడు. శబ్దమునకును అర్థమునకును గల సంబంధమెట్టిదని మన శాస్త్రకారులు వేలయేండ్లు విచారించిరి. ఆ సంబంధము నిత్యమని మీమాంసకులు చెప్పిరి. సంకేతము వలన ఏర్పడునదని నైయాయికులు చెప్పిరి. కంది విషయమున ఈ వాదము ఎట్లు తేలినను ఎవరి ఇంటను పప్పు ఉడకక మానదు. కాని భగవంతుని గూర్చిన శబ్దముల విషయమున భక్తుని మనస్సు అంత తేలికగా ఊరడిల్లదు. ఆ శబ్దము దూరదేశమునకు పోయి అర్థము మారినచో దాని పవిత్రతకు లోటు కలుగునా? కలిగినచో ఆ లోటు శబ్దమునకా, స్వామికా, పలికిన వానికా?

ఈ ప్రశ్న పండితుల సభలో మాత్రమే పుట్టునది కాదు. నేడు అనేక వైష్ణవ గృహములలో వినవచ్చుచున్నది. నిత్యము తిరువారాధనము చేయు ఒక వృద్ధుని యొద్దకు మనుమడు సెల్‌ఫోను పట్టుకొని వచ్చును. అందులో టోపీ పెట్టుకొని గంతులు వేయు ఒక బొమ్మను చూపి, "తాతా, ఇది నా అవతార్" అనును. వృద్ధుని ముఖము చిన్నబోవును. "అవతారం స్వామిది నాయనా, నీదీ నాదీ కాదు" అనును. "ఇంగ్లీషులో దీన్ని ఇట్లనే అంటరు తాతా" అని బాలుడు బదులు చెప్పును. ఇరువురిలో ఎవరును అసత్యమాడలేదు. అయినను వృద్ధునికి మనస్సులో ఏదో పోయినట్లుండును. ఆ బాధ సహేతుకమా, కాదా అని తెలిసికొనవలెనన్నచో ఆ శబ్దము నడచిన దారిని మొదటినుండి చూడవలెను.

శబ్దము యొక్క పుట్టుక

'అవ' అను ఉపసర్గమునకు క్రిందికి అని అర్థము. 'తౄ' అను ధాతువునకు దాటుట అని అర్థము. ఈ రెండును కలిసి అవతార శబ్దమైనది. క్రిందికి దాటి వచ్చుట, అనగా దిగివచ్చుట అని దాని భావము. ఈ శబ్దము సిద్ధించుటకై పాణిని మహర్షి అష్టాధ్యాయి మూడవ అధ్యాయమున ప్రత్యేకముగా ఒక సూత్రమును కూర్చెను. ఆ సూత్రమునకు ఉదాహరణము చూపుచు వ్యాఖ్యాతలు పేర్కొన్నది దేవతలను కాదు, బావిని. బావి మొదలైన వాటిలోనికి దిగుటకు వీలైన తావు అవతారము. దప్పిగొన్నవాడు నీటిని చేరుటకు ఏ మెట్టు మీదుగా దిగునో ఆ మెట్టు అని దాని సామాన్యార్థము.

తీర్థ శబ్దమునకును మూలము ఈ 'తౄ' ధాతువే. దాటుటకు సాధనమైనది తీర్థము. ఏటికి రేవు తీర్థము, సంసారమునకు పుణ్యక్షేత్రము తీర్థము. అనంతగిరి మీద శ్రీ అనంతపద్మనాభస్వామి పుష్కరిణి మెట్లు దిగి నీటిని శిరస్సున చల్లుకొను యాత్రికుడు తెలిసియో తెలియకయో ఈ రెండు శబ్దముల అర్థమును తన కాళ్లతో నడచుచున్నాడు. జీవుడు స్వామి యొద్దకు దాటిపోవుటకు ఏర్పడినది తీర్థము. స్వామి జీవుని యొద్దకు దాటి వచ్చుట అవతారము. రేవు ఒక్కటే, రాకపోకలు రెండు.

అవతార తత్త్వమునకు ప్రమాణముగా అందరును ముందుగా తలచునది భగవద్గీత నాలుగవ అధ్యాయము. ఆశ్చర్యమేమనగా అందు అవతార శబ్దము కానరాదు. స్వామి తన జన్మలను గూర్చి చెప్పెను, తన్ను తాను సృజించుకొందునని చెప్పెను, సాధువుల రక్షణకై యుగయుగమున వత్తునని చెప్పెను. ఆ జన్మలకు అవతారములని పేరిడి కొలిచినది తరువాతి పురాణ వాఙ్మయము, భక్తకోటి. శబ్దము లేకున్నను తత్త్వము పూర్ణముగా నుండెనని ఇందువలన తెలియుచున్నది.

భగవద్రామానుజులు ఆ శ్లోకములకు భాష్యము వ్రాయుచు ఒక విషయమును గట్టిగా నొక్కి చెప్పిరి. స్వామి తన ఈశ్వర స్వభావమును ఏమాత్రమును విడువకయే, తన సంకల్పము చేతనే దిగివచ్చును. జీవుడు పుట్టుట కర్మవశమున. స్వామి పుట్టుట కృపావశమున. నూతిలో జారిపడినవాడును క్రిందికి పోయినవాడే, వానిని ఎత్తుటకు త్రాడు పట్టుకొని దిగినవాడును క్రిందికి పోయినవాడే. ఇరువురును నిలిచినది ఒకే నీటిలో. కాని ఒకడు పడినవాడు, మరియొకడు దిగినవాడు. తెలుగు భాష ఈ భేదమును రెండు చక్కని మాటలతో చూపుచున్నది. ఒకటి దిగివచ్చుట. రెండవది దిగజారుట.

ఆంగ్ల దేశమునకు పోయిన మాట

1784 లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపితమైనది. దానిని స్థాపించిన సర్ విలియం జోన్సు ఆ కాలముననే గ్రీసు, ఇటలీ, హిందూదేశముల దేవతలను పోల్చుచు ఒక వ్యాసము రచించెను. ఆంగ్లమున అవతార శబ్ద ప్రయోగము ఆ కాలము నాటినుండి కనబడుచున్నది. మరుసటి యేడు, 1785 లో, చార్లెస్ విల్కిన్సు చేసిన భగవద్గీత ఆంగ్లానువాదము లండనున అచ్చయినది. ఆ దేశపు చదువరులకు ఈ భావములు అప్పుడప్పుడే పరిచయమగుచుండెను.

వారి భాషలో అవతారమునకు సమీపమైన మాట లేకపోలేదు. 'ఇన్‌కార్నేషన్' అను పదము వారికి చిరపరిచితము. అది లాటిన్ భాషలో మాంసమని అర్థమిచ్చు మాటనుండి పుట్టినది. శరీరధారణము, మాంసమయమగుట అని దాని భావము. క్రైస్తవ మతమున ఆ మాటకు దానికి తగిన గౌరవమున్నది. కాని వైష్ణవ సిద్ధాంతము ప్రకారము స్వామి దివ్యమంగళ విగ్రహము ప్రకృతి సంబంధమైనది కాదు, అది శుద్ధసత్త్వమయము. దిగివచ్చుట అను భావమును మాంసమగుట అను మాటతో చెప్పినచో కృప అను ప్రధానాంశము మరుగుపడి శరీరము మాత్రము మిగులును. కనుక మూల శబ్దమునే తమ భాషలో చేర్చుకొనుట ఆంగ్లేయులు చేసిన మంచిపనియే. తుది అచ్చును విడిచి 'అవతార్' అని వారు పలికిరి.

ఇందులో మరియొక విశేషమున్నది. 'గుండా, ద్వారా' అను అర్థమున ఆంగ్లేయులు నిత్యము వాడు 'త్రూ' అను మాటయు, లాటిన్ భాషలో ఆవలి వైపును చెప్పు 'ట్రాన్స్' అను మాటయు, సంస్కృతములోని ఈ 'తౄ' ధాతువును ఒకే ప్రాచీన మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అనగా అవతార శబ్దము అతిథిగా పోయిన ఇంట దాని దూరపు చుట్టములు అంతకు ముందే కాపురమున్నారు.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ మాట అర్థము వ్యాపించినది. ఒక గుణము మనిషి రూపమున కనబడినచో అతనిని ఆ గుణమునకు అవతారమనుట వాడుకయైనది. పిమ్మట కంప్యూటరు ఆటలు వచ్చినవి. 1985 లో వెలువడిన ఒక ఆటకు పేరులోనే ఈ శబ్దమును చేర్చిరి. ఆ ఆట పేరు అల్టిమా, నాలుగవ భాగము. అదే కాలమున హ్యాబిటాట్ అను మరియొక ఆటలో, ఆడువాడు తెరమీద ధరించు రూపమునకు ఈ పేరు వచ్చినది. 1992 లో నీల్ స్టీఫెన్‌సన్ వ్రాసిన స్నో క్రాష్ అను నవల దానిని మరింత ప్రచారములోనికి తెచ్చెను. 2009 లో అదే పేరుతో వచ్చిన చలనచిత్రము లోకమంతట ప్రదర్శితమయ్యెను. తాండూరు బాలుని సెల్‌ఫోనులోనికి ఆ మాట ఈ దారినే వచ్చినది.

కోపము విడిచి చూచినచో ఆ ప్రయోగమున కొంత సామ్యము లేకపోలేదు. ఆడువాడు తెరకు వెలుపలనుండును. లోపలి లోకమునకు తగిన ఒక రూపమును తన ఇచ్ఛ చేత ధరించి అచ్చట సంచరించును. లోపలి బొమ్మ దెబ్బతిన్నను వెలుపలివానికి గాయము కాదు. భేదము రెండు చోట్ల నున్నది. స్వామి లీల ఆర్తుల రక్షణతో కూడినది. ఆటలోనివానికి రక్షింపవలసిన ఆర్తుడెవ్వడును లేడు. స్వామి దిగివచ్చియు తన స్వరూపమును మరువడు. ఆడువాడు కొంతసేపటికి అన్నము వేళను, అమ్మ పిలుపును సైతము మరచును. బొమ్మ అవతారమగుట సంగతి అటుంచి, బాలుడే బొమ్మలో బద్ధుడగుచున్నాడు. వృద్ధుడు చింతింపవలసినది ఉన్నచో అది మాటను గూర్చి కాదు, ఈ మరపును గూర్చి.

ఆంగ్లమున ఇంతకంటె దురదృష్టము పొందిన భగవన్నామమొకటి కలదు. ఆలయములోనికి రాలేని వారికిని దర్శనమొసగుటకై పూరీ క్షేత్రమున జగన్నాథస్వామి రథమెక్కి వీధిలోనికి వచ్చును. పద్నాలుగవ శతాబ్దము నుండి ఐరోపా యాత్రికులు ఆ రథమును గూర్చి కథలు వ్రాసిరి. చక్రముల క్రింద పడి జనులు ప్రాణములు విడుతురని ఆ కథలలో ప్రధానముగా చెప్పిరి. ఆ కథలు పెరిగి పెరిగి 'జగ్గర్నాట్' అను ఆంగ్ల పదము పుట్టినది. ఎదురైన దానినెల్ల దయలేక నలిపివేయు శక్తి అని దాని అర్థము. బ్రిటనులో రోడ్లమీద పోవు పెద్ద లారీలకును ఆ మాట వాడిరి. లోకనాథుడు లోకులకొఱకు వీధిలోనికి దిగివచ్చుట ఎంత సౌలభ్యమో ఆ రథమును చూచిన భక్తునికి తెలియును. కన్నులతో చూచియు ఆ హృదయమును చూడనివాని నోట అదే నామము క్రౌర్యమునకు గుర్తయినది. మాట దిగజారుట అనగా ఇది.

సయాము దేశమునకు పోయిన మాట

పడమటికి పోయిన శబ్దము కథ అది. తూర్పునకు పోయిన శబ్దము కథ వేఱు. నేడు థాయిలాండు అనబడు సయాము దేశమున బౌద్ధమే ప్రధాన మతము. వారి భాష సంస్కృతముతో పుట్టుకలో ఎట్టి సంబంధమును లేనిది. అయినను సంస్కృత పాలీ శబ్దములను వేలకొలదిగా చేర్చుకొన్నది. పద్నాలుగవ శతాబ్దమున స్థాపితమైన వారి రాజధానికి అయోధ్య పేరు మీద అయుత్థయ అని పేరిడిరి. 1656 నుండి 1688 వరకు పాలించిన రాజునకు నారాయి అని పేరు. నేటి రాజవంశపు రాజులను మొదటి రాముడు, రెండవ రాముడు అని వరుసగా లెక్కించుట పరిపాటి. 1782 నుండి 1809 వరకు పాలించిన మొదటి రాముని కాలమున రామకియన్ అను రామకథా గ్రంథము సమగ్రరూపము పొందినది. ఆ దేశపు రాజముద్ర గరుత్మంతుడు.

థాయి భాషలోను అవతార శబ్దమున్నది. వారు దానిని 'అవతాన్' అని పలుకుదురు. ఆ భాషలో పదము తుది రేఫము నకారముగా వినబడును. కాని వ్రాయునపుడు మాత్రము రేఫమునే వ్రాయుదురు. నారాయణ శబ్దమును 'నారాయి' అని పలుకుదురు. వ్రాతలో తుది ణకారమును విడువక వ్రాసి, ఇది పలుకబడదని తెలుపు చిన్న గుర్తును దాని నెత్తిన ఉంచుదురు. నోరు పలుకలేని అక్షరమును చేయి విడువలేదు. ఎచ్చటినుండి వచ్చినదో మరువకుండుటకు ఆ మూగ అక్షరము సాక్షిగా నిలిచినది.

అవతార శబ్దమును తమ మాటలలో వివరింపవలసినపుడు వారు రెండు పదములు వాడుదురు. మొదటిది 'పాంగ్'. సమయము, సందర్భము, భంగిమ అని ఆ పదమునకు అర్థములు. విష్ణుమూర్తి దశావతారములను 'నారాయి సిప్ పాంగ్' అందురు. 'సిప్' అనగా పది. బుద్ధ విగ్రహముల వేర్వేరు భంగిమలకును వారు పాంగ్ అను మాటనే వాడుదురు. మూర్తి ఒక్కటియే, సమయమునుబట్టి భంగిమ మారినదను భావము ఇందులో నున్నది. అర్చామూర్తికి ఒకనాడు మత్స్యావతార అలంకారమును, మరియొకనాడు మోహినీ అలంకారమును చేసి సేవించు వైష్ణవునికి ఈ భావము క్రొత్త కాదు.

రెండవది 'బేంగ్ ఫాక్'. 'బేంగ్' అనగా పంచుట. 'ఫాక్' అనునది సంస్కృతములోని భాగ శబ్దమే. దేవుడు తన భాగమును పంచి లోకమున పుట్టుట అని దాని భావము. అంశావతారమను మాట పురాణములలోను కలదు కనుక దీనిని తప్పనుటకు వీలులేదు. అయినను వైష్ణవ సిద్ధాంతమునుబట్టి ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ధనమును పంచినచో మూలధనము తరుగును. భూమిని పంచినచో కమతము చిన్నదగును. స్వామి విషయమున అట్టి తరుగుదల లేదు. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగించినచో మొదటి దీపపు కాంతి తగ్గదు, రెండవ దానికి కాంతి కొరవడదు. పాంచరాత్ర సంప్రదాయము ఈ దీపము పోలికనే చూపుచున్నది. ఆంగ్లమున మాంసమను భావము అడ్డు వచ్చినట్లే థాయిభాషలో భాగమను భావము అడ్డు రావచ్చును. ఏ అనువాదమైనను పుష్కరిణి నీటిని దోసిట పట్టుట వంటిది. దోసిటిలోనిది పుష్కరిణి నీరే, కాని పుష్కరిణి అంతయు దోసిట పట్టదు.

ఆ దేశమునకు పోయిన మరియొక మాటను వైష్ణవులు తప్పక తెలిసికొనవలెను. బాంకాకు రాజపురోహితులైన బ్రాహ్మణులు 'త్రియంపవాయి', 'త్రీపవాయి' అను ఉత్సవములను పరంపరగా జరుపుచున్నారు. ఈ పేరులు తమిళములోని తిరువెంబావై, తిరుప్పావై అను పేరులకు మారిన రూపములు. ధనుర్మాసమున ప్రతి వైష్ణవ గృహమున మేలుకొలుపు పలుకు గోదాదేవి ప్రబంధము పేరు సముద్రము దాటి పోయి అక్కడి నోట ఇట్లు నిలిచినది. దానికి చేర్చి జరిపిన పెద్ద ఊయల వేడుక 1935 లో నిలిచిపోయినది. పేరు మాత్రము నిలిచినది. ఉచ్చారణము మారినను ఆదరము మారలేదు.

ఇంటిలోని మాట

అన్యదేశీయులు ఏమి చేసిరో చూచుట సులభము. తెలుగువారు తమ నోటిని తాము చూచుకొనుట కష్టము. కంప్యూటరు పుట్టుటకు ఎంతో ముందే అవతార శబ్దము తెలుగు వాకిట నలిగినది. దుమ్ము కొట్టుకొని ఇంటికి వచ్చిన పిల్లవానిని చూచి తల్లి "ఏమిటిరా ఈ అవతారం?" అనును. గిట్టనివాడు మరణించినచో "అవతారం చాలించాడు" అందురు. సెల్‌ఫోనులోని బొమ్మకు ఆ పేరిడినవాడు అవహేళన చేయలేదు. పై మాటలలో అవహేళనయే ప్రధానము.

ఇది ఒక్క శబ్దముతో ఆగలేదు. సొమ్ము పోయినచో "డబ్బు గోవిందా" అందురు. ఏడుకొండలెక్కు భక్తుని శ్వాసలో కలిసిన నామము ఇచ్చట నష్టమునకు పర్యాయపదమైనది. నమ్మించి మోసగించినచో "శఠగోపం పెట్టాడు" అందురు. శఠగోపమనగా స్వామి పాదుకలు. అది నమ్మాళ్వారుల తిరునామము. ఆ పాదుకలు శిరస్సున సోకుటకై భక్తులు వంగి నిలుతురు. అప్పు ఎగవేసినచో "పంగనామాలు పెట్టాడు" అందురు. స్వామి పాదములకు గుర్తుగా నుదుట ధరించు ఊర్ధ్వపుండ్రము వంచనకు గుర్తుగా మారినది. ఈ మాటలను లండనులో ఎవ్వరును కల్పింపలేదు, బాంకాకులో ఎవ్వరును కల్పింపలేదు. ఇవి తెలుగు వీధులలో పుట్టి, వైష్ణవుల ఇండ్లలో సైతము నవ్వులతో చెల్లుబడియగుచున్నవి.

కొందరిట్లు బదులు చెప్పవచ్చును. "అజామిళుడు కుమారుని పిలుచుటకై నారాయణ నామము పలికియు తరించెను గదా. ఎట్లు పలికినను నామము పావనమే అని భాగవతము షష్ఠస్కంధమున చెప్పెను గదా. ఇక పరిహాసముగా పలికిన దోషమేమి?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. నామమునకు అట్టి శక్తి కలదనుట సత్యము. కాని అజామిళుని కథ స్వామి దయ ఎంత దూరము దిగివచ్చునో చూపుటకు చెప్పబడినది. పలుకువాడు ఎంత అలక్ష్యముగా నుండవచ్చునో చూపుటకు కాదు. అజామిళుడు ఆ నామమును పరిహాసముగా పలుకలేదు. మరణభయమున, ప్రేమతో, ఆర్తితో పలికెను. నామము కాపాడునని నమ్మి పాపమునకు తెగించుట నామాపరాధములలో నొకటియని పెద్దలు లెక్కించిరి. తల్లి ఎన్ని తప్పులనైనను సహించుననుట తల్లికి గొప్ప. ఆమె సహించును గదా అని బిడ్డ తప్పుచేయుట బిడ్డకు గొప్ప కాదు.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము రెండు వైపుల నుండి రావలెను. స్వామి వైపునుండి చూచినచో లోటు లేదు. వైకుంఠమునుండి పాలకడలికి, పాలకడలినుండి అయోధ్యా మధురలకు, అచ్చటినుండి ప్రతి ఊరి ఆలయములోని అర్చామూర్తికి దిగివచ్చినవాడు, అన్యభాషలోని ఒక మాటలోనికి దిగివచ్చుటకు జంకడు. ఎంత దిగివచ్చినను ఆయన స్వభావము ఆయనను విడువదు. పలుకువాని వైపునుండి చూచినచో లోటు నిజమైనది. అవహేళనకు అలవాటుపడిన మాట అవసరమైన వేళ ఆర్తితో నోటికి రాదు. సొమ్ము పోయినపుడెల్ల నవ్వుచు గోవిందా అన్నవాడు కొండమీద నిలిచి గోవిందా అన్నపుడు, ఆ మాట బరువు అతని గుండెకు తెలియకుండ పోవుటకు అవకాశమున్నది. మెట్టు అరిగినచో పుష్కరిణి నీరు తరుగదు. దిగువాని కాలు జారును.

కొండ నుండి రెండు ఏళ్లు

అనంతగిరి స్థలపురాణము మార్కండేయ మహర్షి తపస్సును కీర్తించుచున్నది. ఆ కొండలలో పుట్టిన మూసీ నదిని ముచుకుందా నది అని చెప్పుట సంప్రదాయము. ముచుకుందుని పేరు జనుల నోట నలిగి నలిగి మూసీ అయినదని వారి నమ్మకము. పేరు అరిగినందువలన నీరు ఆగలేదు. మూసీ తూర్పుగా ప్రవహించి హైదరాబాదు నగరము మీదుగా పోయి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఆ కొండల సీమలోనే పుట్టిన కాగ్నా నది పడమటి దిక్కుగా తాండూరు మీదుగా కర్ణాటకములోనికి పోయి భీమానదిలో కలియును. భీమ పోయి రాయచూరు సీమలో కృష్ణను చేరును. ఒకటి తూర్పునకు, ఒకటి పడమరకు పోయినను రెండింటి తుది గమ్యము కృష్ణయే.

అవతార శబ్దమును అట్లే ఒకే కొండనుండి రెండు దిక్కులకు పారినది. పడమట అది శాస్త్ర గ్రంథములు దాటి ఆటబొమ్మలలోనికి పోయినది. తూర్పున రాజుల పేరులలోను మూగ అక్షరములలోను నిలిచినది. ఆ రెంటిలో దేనిని పట్టుకొని ఎదురు నడచినను మూలమును చేరవచ్చును. కొండమీద నిర్మలముగా పుట్టిన మూసీ నగరమున మలినమగుచున్నది. ఆ మాలిన్యము కొండది కాదు, నీటిది కాదు. దానిలో విడిచిన వారిది. కనుక శుభ్రపరచుటయు వారి చేతనే కావలసియున్నది. మాట సంగతియు అంతే. ఇతర దేశముల వారిని దూషించుటకంటె ఇంటిలోని నాలుగు మాటలను మానుట ముందు చేయవలసిన పని. డబ్బు పోయినచో పోయినదనవచ్చును. మోసము జరిగినచో మోసమనవచ్చును. తెలుగున ఆ భావములకు మాటల కరవు లేదు.

ఇక ఆ వృద్ధుడు మనుమనితో ఏమి చెప్పవలెను? నీకు ఆ మాట పలుకు అర్హత లేదని కసరినచో బాలుడు బొమ్మను విడువడు, తాతను విడుచును. తాత ఒక్క క్షణము ప్రక్కన కూర్చుండి ఆ బొమ్మను చూచి, "నాయనా, ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా?" అని అడిగినచో చాలును. బావి మెట్టుతో మొదలుపెట్టి, పడినవాని కొఱకు దిగినవాని కథ చెప్పి, మత్స్యమూర్తి వరకు పోవచ్చును. మకరి పట్టిన గజేంద్రుని కొఱకు స్వామి ఎట్లు పరుగున వచ్చెనో చెప్పినచో, ఆటలోని పరుగుకంటె అది బాలునికి తక్కువ రుచింపదు. అంతట "నువ్వు నీ బొమ్మలో దిగినప్పుడు ఎవరిని కాపాడతావు?" అని అడుగవచ్చును. ఆ ప్రశ్న బాలుని మనస్సులో నాటినచో, ఆంగ్ల దేశమంతయు తిరిగి వచ్చిన శబ్దము తన ఇంటికి తాను చేరినట్లే.

అట్లు కూర్చుండుటకు తాత తన ఎత్తునుండి కొంత దిగవలెను. తన వయస్సును, తన పాండిత్యమును విడువకయే బాలుని ఆటలోనికి, బాలుని భాషలోనికి రావలెను. తన స్వభావమును విడువక, ఎదుటివాని మేలు కోరి, ప్రేమతో దిగివచ్చుటకు సంస్కృతమున ఒక పేరున్నది. ఆ పేరు అర్థము నిఘంటువులో కంటె ఆ తాత యొడిలో ఆ బాలునికి తేటగా తెలియును.

శ్రీ అనంతపద్మనాభస్వామి కృప వలన భక్తుల వాక్కులు పరిశుద్ధములై, ప్రతి గృహమున ఆ స్వామి నామము ఆదరముతో పలుకబడుగాక.